దిద్దుముద్ద

చెన్నకుమారికి అన్నిటికంటే పెద్ద భయం, కూతురు తనలాగే మిగిలిపోతుందని. తేలుకీ పాముకీ మొగుడి అరుపులకీ ఆమె అంత భయపడదు. ఏడో తరగతి సగంలో ఉండగా, చంటితమ్ముణ్ణి ఎత్తుకోడానికి మనిషి లేదని బడి మాన్పించారు. అప్పట్నుంచి ఆమె కుడిచెయ్యి అన్నం వండింది, బట్టలుతికింది, పలకల చట్రాలకు మేకులు కొట్టింది. అక్షరాన్ని మాత్రం మరిచిపోయింది. ఎక్కడైనా సంతకం పెట్టమంటే ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని రాస్తుంది. ఇప్పుడు రెండో తరగతిలో ఉన్న వర్ణిక రాత కూడా కోడి గెలికినట్టే తయారవుతోంది. 'బాగా రాయాలి' అని టీచరు ఎర్రసిరాతో రాసి పంపినప్పుడల్లా చెన్నకుమారి ఆ పేజీ మొగుడికి కనబడకుండా మడిచేసేది.

అందుకే బడి లైబ్రరీకి దిద్దుముద్ద వచ్చిందని తెలిసిన రోజున తల్లులందరికంటే ముందు వెళ్లి నిలబడింది ఆమే.

అది పలకరాయి గనుల పక్కనున్న ఊరు. ప్రాథమిక పాఠశాలలో పాత సామాన్ల గదికి సున్నం కొట్టి లైబ్రరీ చేశారు. అరల్లో బొమ్మల పుస్తకాలు, నేలమీద ఈతచాపలు, మధ్యన ఒక పొట్టిబల్ల. రోజూ చివరి గంటను 'చేతుల గంట' అనేవాళ్లు. ప్రసూన టీచర్ ఒక కథ చదివితే, పిల్లలు ఆ కథలోంచి ఏదో ఒకటి చేత్తో చెయ్యాలి. కాగితం మడిచి కొంగ, కొబ్బరిచిప్పతో తాబేలు, దారంతో కుట్టిన చిన్న పుస్తకం, అందులో తమ రాతతో తమ కథ. హైదరాబాదులో ఒక ప్రయోగశాల వాళ్లు తమ ముద్దను పరీక్షించుకోడానికి ఈ గంటనే అడిగి తీసుకున్నారు.

ప్రయోగశాల నుంచి వచ్చిన హిమజ మేడం పెట్టె మూత తీసింది. లోపల, రొట్టెల పీటంత వెడల్పున, పాలల్లో తేనె కలిపిన రంగులో ఒక ముద్ద. చెన్నకుమారికి ముందు తగిలింది వాసన. చంటిపిల్ల మెడ మడతల్లో పాలు పాచిపోతే వచ్చే వాసన. దగ్గరికి వంగి చూస్తే ముద్ద నెమ్మదిగా ఉబ్బి, అంతే నెమ్మదిగా తగ్గుతోంది.

"బతికుందా ఏంది ఇది?" అంది పక్కనున్న సుబ్బరత్నం, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

"రొట్టెపిండిని పొంగించే ఈస్టు బతికున్నట్టేనండీ" అంది హిమజ నవ్వుతూ. "దీంట్లో పుస్తకాలు కుట్టే ఒక తాతగారి చెయ్యి ఉంది. నెల్లాళ్లు ఆయన దీన్ని పిసికారు. ఆయన వేళ్లకి తెలిసిందంతా ఇది పట్టుకుంది. ఇప్పుడు మీ పిల్లల వేళ్లకి చెప్తుంది."

"చెయ్యి పట్టి పలక మీద దిద్దిస్తామే, అట్టాగా?"

"సరిగ్గా అలాగే."

చెన్నకుమారి మెల్లగా అడిగింది. "మరి ఆ తాత చేతికేం కాలేదా మేడం?"

"ఏం కాలేదమ్మా. నేర్చుకునేటప్పుడు దీనికి మేం ఒక తాళం వేస్తాం. మందుతో వేసే తాళం. చూసి పట్టుకుంటుందే గాని లాక్కోదు. ఏదీ, పాపని పంపండి."

వర్ణిక రెండు చేతులూ ముద్దలో పెట్టింది. ముద్ద మణికట్టు దాకా పాకి, చప్పుడు చేస్తూ చప్పరించింది. పిల్ల కిలకిలా నవ్వింది. కాసేపటికి చేతులు బయటికి తీసి, చెప్పకుండానే సూది అందుకుని, దారం ఎక్కించి, మడిచిన కాగితాల వెన్ను మీద వరసగా కుట్లు వేసింది. నిన్నటిదాకా బొత్తాం పెట్టుకోడానికే ఏడ్చిన పిల్ల. చెన్నకుమారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నోట్లో కూడా. ఆ రెండోది కక్కు రాబోయే ముందు ఊరే నీరు. దాన్ని మింగేసింది.

ముద్దతో ఒక్కటే పేచీ. దానికి రోజూ ఊడిగం చెయ్యాలి. తెల్లారేసరికి దాని మీద పాలమీగడలాంటి తోలు కట్టేది. ఆ తోలును వలిచి పారేసి, కింద ఊరిన జిగురును తుడిచి, మెత్తబడేదాకా పిసకాలి. మొదట తల్లులు వంతులు వేసుకున్నారు. సుబ్బరత్నం మొదటిరోజే గడప మీద కక్కుకుంది. ఇంకో ఆమె చెయ్యి గీరుకుంటూ ఆసుపత్రికి పోయింది. మళ్లీ తన వంతు వచ్చినప్పుడు సుబ్బరత్నమే అంది.

"ఎస్తేరు చేస్తదిలే టీచరమ్మా. ఆ పిల్ల ఇయ్యన్నీ పట్టిచ్చుకోదు."

ఎస్తేరు మూడో తరగతి పిల్ల. తల్లీతండ్రీ గనుల పనికి వేరే చోటికి పోతే అమ్మమ్మ కరుణమ్మ దగ్గర పెరుగుతోంది. కరుణమ్మ పలకల కార్ఖానాలో ఊడుస్తుంది. ఆమె తెచ్చే పగిలిన పలకముక్కల మీద ఎస్తేరు వేసే పిట్టల్నీ అక్షరాల్నీ ప్రసూన టీచర్ లైబ్రరీ గోడకు అంటించింది. బడి మొత్తంలో అలాంటి చెయ్యి ఇంకో పిల్లకు లేదు. ఆ చేతులకే తోలు వలిచే పని పడింది. టీచరు ఒక్క నిమిషం తటపటాయించి, సరేనంది.

ఎస్తేరు సంతోషంగా వచ్చేది. మోచేతుల దాకా ముంచి పిసుకుతూ, "ఎచ్చగా ఉంటదక్కా, కుక్కపిల్ల పొట్టలాగ" అనేది.

రెండు రోజులు గడిచాయో లేదో తల్లుల్లో గుసగుస మొదలైంది.

"అది పిసికిందాంట్లోనేగా మన పిల్లకాయలు చేతులు పెట్టేది?"

"పెట్టి, ఆ చేత్తోనే అన్నం తినేది."

ఎవరూ పేరు పెట్టలేదు, ఎందుకనీ చెప్పలేదు. అందరికీ అర్థమైంది. ముద్ద వద్దనడానికి ఎవరికీ మనసు లేదు, పిల్లల చేతులు అప్పటికే తిరుగుతున్నాయి. ఎస్తేరుని వద్దంటే తోలు మళ్లీ తామే వలవాలి. దారి చూపింది చెన్నకుమారి.

"చెంబుడు పసుపునీళ్లు పోస్తే సరిపోయిద్ది వదినా. ఇంట్లో అంటుకీ ముట్టుకీ అదేగా చేసేది."

అది చాలా తేలికైన మాటలా అనిపించింది. ఆ మాట తననుంచి వచ్చినందుకు, అందరూ తలలూపినందుకు, ఆమెకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. పెట్టె మూత లోపల అంటించిన జాగ్రత్తల్లో సబ్బు వద్దని, వేడినీళ్లు వద్దని ఉంది. పసుపు సంగతి లేదు. ప్రయోగశాలలో ఎవరికీ అది తోచి ఉండదు.

మర్నాటి నుంచి ఎస్తేరు పిసికి పక్కకు తప్పుకోగానే చెన్నకుమారి పసుపునీళ్లు పోసేది. ముద్ద ఒక్కసారి ముడుచుకుని, మళ్లీ విచ్చుకునేది. మూత పట్టుకుని నిలబడ్డ ఎస్తేరు ముచ్చటపడి చూసేది.

"పసిబిడ్డకి పోసినట్టు పోస్తన్నావక్కా. దీనికి కళ్లు మండవా?"

"మండవులే. నువ్వు అవతలికి జరుగు."

ఇక పిల్లల రాత మారింది. ఒక్క వర్ణికదే కాదు, అందరిదీ. ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలు, తలకట్టు చివర పిట్టముక్కులా చిన్న వంపు. చెన్నకుమారి కూతురి నోటుబుక్కును ఇరుగుపొరుగుకు చూపించింది. పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరూ చూడకుండా, ఆ అక్షరాల మీద తన వేలు పెట్టి దిద్దింది.

ఒకరోజు అన్నం దగ్గర మొగుడు గురవయ్య ఉన్నట్టుండి అన్నాడు. "ఏందే అది, ఈ పిల్ల అట్టా పెట్టుకుంటంది?"

వర్ణిక పప్పన్నం కలిపి, గోలీలంత ముద్దలు చేసి, కంచం అంచు చుట్టూ వరసగా పేరుస్తోంది. ఒకటీ తినడం లేదు. పిల్ల కళ్లు గోడ మీద బల్లిని చూస్తున్నాయి, చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది.

చెన్నకుమారి ఆ ముద్దల్ని ఇంతకుముందు చూసింది. బడిలో మధ్యాహ్న భోజనం వడ్డించడానికి పోయిన రోజున, వరండా చివర, విడిగా కూర్చున్న ఎస్తేరు కంచంలో. "ఇది అమ్మకి, ఇది నాన్నకి, ఇది అమ్మమ్మకి" అని పేర్చి, తర్వాత అన్నీ తనే తినేది ఆ పిల్ల.

ఒంటి మీద జెర్రి పాకినట్టయింది. కూతురి చెయ్యి పట్టుకుని జలదారి దగ్గరికి ఈడ్చుకుపోయి, సబ్బు పెట్టి, పీచు పెట్టి తోమింది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు. చర్మం కందిపోయినా ఆపలేదు.

"నేను చెయ్యట్లేదమ్మా" వర్ణిక వెక్కుతూ అంది. "చెయ్యే చేస్తంది."

ఆ తడిచెయ్యి తల్లి చెంప మీద పడింది. ఏడుస్తూనే, అలవాటు లేని ఒక తీరులో, చూపుడువేలి వెనుకవైపుతో చెన్నకుమారి కన్నీళ్లు తుడిచింది. వర్ణిక ఎప్పుడూ అలా తుడవదు. ముసలమ్మ దగ్గర పెరిగిన పిల్ల తుడిచే తీరు అది. చెన్నకుమారి ఆ చేతిని విదిలించి కొట్టింది. కొట్టాక, తను కొట్టింది ఎవరి చేతినో తెలియక అక్కడే కూలబడింది.

మర్నాడు పొద్దున్నే బడికి పోయేసరికి లైబ్రరీ గడప మీద ఎస్తేరు కూర్చుని ఉంది. చొక్కా బొత్తాలు పెట్టి లేవు. జడ వేసి లేదు. చేతులు రెండూ ఒళ్లో, నీళ్లు పిండని బట్టల్లా పడి ఉన్నాయి.

"అక్కా, పలకపుల్ల పట్టుకుంటే జారిపోతంది" అంది. "టీచరమ్మ వేషాలేస్తన్నావా అంది. ఏస్తానా నేను?"

చెన్నకుమారి ఒక బలపం తీసి ఆ వేళ్ల మధ్య పెట్టింది. వేళ్లు మూసుకోలేదు. బలపం నేలమీద పడి రెండు ముక్కలైంది. గోడ మీద ఆ పిల్ల వేసిన పిట్టలు అలాగే ఉన్నాయి.

ఫోను చేస్తే హిమజ ఆ సాయంత్రానికే వచ్చింది. ముద్దలోంచి చిటికెడు తీసి గాజుపలక మీద రుద్ది, చిన్న యంత్రంలోకి చూసింది. మొహం పాలిపోయింది. "దీని మీద ఏం పోశారు?"

"పసుపునీళ్లు."

"ఎందుకు?"

ప్రసూన టీచర్ కిటికీలోంచి బయటికి చూసింది. సుబ్బరత్నం కాలి మెట్టె సవరించుకుంది. చివరికి చెన్నకుమారే చెప్పింది, తలెత్తకుండా.

హిమజ యంత్రాన్ని బల్ల మీద పెట్టింది. "తాతగారి చెయ్యి మొదటి రోజే కొట్టుకుపోయింది. దాంతోపాటు తాళం కూడా. ఖాళీ అయిన ముద్దకి తెల్లారేసరికి ఆకలి పుడుతుంది. మర్నాడు పొద్దున ఎవరు ముందు పిసికితే వాళ్ల చేతిని లాక్కుంటుంది. అలా లాక్కున్నది పసుపుకి పోదు, తర్వాత పెట్టిన చేతుల్లోకి దిగిపోతుంది. ఆ పిల్ల రోజూ ముందు పిసికింది. మీ పిల్లలు రోజూ తర్వాత పెట్టారు."

గదిలో తల్లులు తమ పిల్లల వంక చూశారు. ఒక్కొక్కరి మొహంలో ముందు అసహ్యం పుట్టడం చెన్నకుమారికి కనబడింది. ఎవరిని తాకకూడదని చెంబులు చెంబులు పోశారో, ఆ పిల్ల ఇప్పుడు అందరి పిల్లల మణికట్ల దాకా ఉంది. ఒక తల్లి కూతురి చేతిని తన కొంగుతో తుడుస్తోంది. అంతకుముందు రోజు జలదారి దగ్గర తన మొహమూ అలాగే ఉండి ఉంటుందని చెన్నకుమారికి తోచింది. అప్పుడు ఆమెకు రోత పుట్టింది. ఈసారి ముద్ద మీద కాదు.

హిమజ మాత్రం మళ్లీ యంత్రంలోకి వంగింది. పాలిపోయిన మొహం మీదికి నెమ్మదిగా ఒక వెలుగు వస్తోంది. "ఆ పిల్ల చెయ్యి పూర్తిగా దిగింది. ఒక్క వేలు కూడా చెడకుండా దిగింది. మేం నాలుగేళ్లుగా ఇది సాధించలేక..." అని, అందరూ చూస్తున్నారని గమనించి ఆపేసింది. ఆ వెలుగు చూశాక చెన్నకుమారికి ముద్ద వాసనే నయమనిపించింది.

"తిరిగి ఇయ్యలేమా?" అని అడిగింది.

"ఇవ్వొచ్చు. ఒక్క పిల్ల ఇస్తే చాలు. ముద్దని పసుపునీళ్లతో కడిగి ఉంచి, పొద్దున్నే ఆ పిల్ల చేత పిసికించి, తర్వాత ఎస్తేరు చేతులు పెట్టించాలి. ఇచ్చిన పిల్లకి వచ్చింది పోతుంది. సొంతది ఎంతో కొంత మిగులుతుంది, మళ్లీ మొదటి నుంచి దిద్దుకోవాలి."

"నా చెయ్యి తీసుకోండి."

"పెద్ద చెయ్యి పిల్ల ఎముకలకి సరిపడదమ్మా. అయినా మీ చేతిలో ఏముంటే అదేగా వచ్చేది."

ఆ మాట హిమజ చెడ్డగా అనలేదు. అయినా తగలాల్సిన చోటే తగిలింది.

తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మీ పెద్దోడు ఇయ్యొచ్చుగా, వాడెటూ పై తరగతికి పోతన్నాడు" అంది ఒకామె. "నీ కూతురియ్యొచ్చుగా, అది పుస్తకం పట్టేదెప్పుడు" అంది ఇంకొకామె. వరండాలో ఎస్తేరు వింటోంది. వచ్చే వారమే ప్రయోగశాల పెద్దలు లైబ్రరీ చూడడానికి వస్తున్నారు. పిల్లలు తాము కుట్టిన పుస్తకాలు చూపాలి, అందరి ముందూ రాయాలి. వర్ణిక పేరు ముందే పిలుస్తారని టీచరు చెప్పింది.

చెన్నకుమారికి తెలుసు, ఏం చెయ్యాలో. నోరు తెరిచింది కూడా. బయటికి వచ్చింది వేరే మాట.

"వాళ్లొచ్చి చూసిపోయినాక ఇద్దాంలే మేడం. వారమేగా."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

పెద్దలు వచ్చిన రోజున లైబ్రరీకి మామిడాకులు కట్టారు. వర్ణిక పెద్ద నల్లపలక ముందు నిలబడి, కథలోని మాటలు రాసింది. చివర పిట్టముక్కులాంటి వంపు తిప్పినప్పుడు కోటు వేసుకున్న పెద్దాయన "అద్భుతం" అన్నాడు. చప్పట్లు మోగాయి. కిటికీ అవతల కరుణమ్మ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మధ్యాహ్నం అన్నం తినిపిస్తోంది. తొమ్మిదేళ్ల పిల్ల నోరు తెరిచి తింటూ, కిటికీలోంచి నల్లపలకను చూస్తోంది. చూసి, అమ్మమ్మతో ఏదో అంది. ముసలామె తలెత్తి లోపలికి చూసింది. చప్పట్లు కొడుతున్న చేతుల మధ్య చెన్నకుమారి చేతులు కూడా ఉన్నాయి.

ఆమె లేచి పెరటి గోడ దగ్గరికి పరిగెత్తి కక్కుకుంది. పొద్దున తిన్నదంతా పోయాక పసరు వచ్చింది. పసుప్పచ్చటి పసరు. అది చూసి మళ్లీ కక్కుకుంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ కూతుర్ని అడిగింది. "రేపు ఎస్తేరుకి దాని చెయ్యి ఇచ్చేద్దామా?"

"ఇచ్చేస్తే నాకు నాదొచ్చిద్దా?"

"వచ్చిద్ది."

"కోడి గెలుకుడా?"

"ఆ. కోడి గెలుకుడే. ఇద్దరం కూకోని దిద్దుకుందాం."

వర్ణిక తన వేళ్ల వంక చూసుకుంది. "సరే" అంది. అంత తేలిగ్గా అంది. వారం ముందే అడిగి ఉంటే అప్పుడూ ఇంతే తేలిగ్గా అని ఉండేది.

మర్నాడు లైబ్రరీలో పొట్టిబల్ల ఖాళీగా ఉంది. ప్రయోగశాల వాళ్లు చప్పట్లు అయిన వెంటనే పెట్టెను బండెక్కించుకుపోయారు. హిమజ ఫోను ఒక్కసారి ఎత్తింది. ముద్దని విప్పి ముక్కలు చేసి పరీక్షిస్తున్నారని, అది ఇక తిరిగిరాదని చెప్పింది. "పాతకాలం దారి ఒక్కటే ఉందమ్మా. ఎవరైనా ఆ పిల్ల వేళ్లు పట్టుకుని రోజూ దిద్దించాలి. వదలకుండా చేస్తే కొంత రావచ్చు. ఆపితే అదీ రాదు." తర్వాత ఆ ఫోను మోగలేదు.

కరుణమ్మ ఇంటికి తాళం. కంభం ఊరు దాటినాక, గనుల దగ్గర రేకుల పాకల్లో కూతురూ అల్లుడూ ఉంటారట, అక్కడికి పోయారట. గురవయ్య వద్దన్నాడు. అయినా చెన్నకుమారి వర్ణికను తీసుకుని బస్సెక్కింది. దారంతా కూతురి చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఎస్తేరు వేళ్లు పట్టుకుని దిద్దిస్తే చాలు, దాని చెయ్యే దానికి నేర్పుకుంటుంది, అనుకుంది.

కరుణమ్మ తలుపు సగమే తీసింది.

"ఎందుకొచ్చినావు తల్లీ?"

"పాపని చూసిపోదామని అమ్మమ్మా. మా వర్ణిక దిద్దిచ్చిద్ది. రోజూ రాలేకపోయినా, ఆదివారాలు..."

"వద్దు. నువ్వు లోపలికొస్తే పోయినాక ఒళ్లంతా కడుక్కోవాల. మా పాకలో పసుపు లేదు."

తలుపు మూసుకుంది. లోపల ఏదో గిన్నె పడిన చప్పుడైంది, తర్వాత ఎవరూ ఏడవలేదు. ఎవరూ ఏడవకపోవడమే చెన్నకుమారి విన్నది. బయట ఎండలో చాలాసేపు నిలబడి, బస్సు పోతుందని కండక్టరు కేకేస్తే వచ్చేసింది. మళ్లీ రెండుసార్లు వెళ్లింది. తలుపు ఆ సగం కూడా తెరుచుకోలేదు.

ఆమె మొహం చూస్తే ఆ ముసలామె తియ్యదు. తియ్యాల్సిన పనీ లేదు. మీరైతే వేరే. కంభం మీదుగా ఎటైనా పోతుంటే, గనుల దగ్గర రేకుల పాకల పక్కన ఒక్కసారి దిగండి. కరుణమ్మ మనవరాలు ఎస్తేరు అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. చెన్నకుమారి పేరు చెప్పకండి. లోపలికి రమ్మంటే వెళ్లి, ఇచ్చిన నీళ్లు తాగి, ఆ పిల్ల వేళ్లు ఎవరైనా పట్టుకుని దిద్దిస్తున్నారో లేదో చూసి రండి.